స్పీడ్ టెస్ట్‌లో 100.. సినిమా పెడితే చక్రం!

స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ చూపిస్తుంది. సినిమా పెడితే మాత్రం తెర మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదీ సరిగ్గా రాత్రి తొమ్మిదింటికి! వైఫై రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం మనందరికీ తెలిసిన వైద్యమే. కానీ చాలాసార్లు రోగం మనింట్లో ఉండదు. స్పీడ్ టెస్ట్ సర్వర్ తరచూ మన నెట్ ప్రొవైడర్ దగ్గరే ఉంటుంది. అంటే అది కొలిచేది మనింటి నుంచి అక్కడిదాకా ఉన్న దారినే. అక్కణ్నుంచి బయటికెళ్లే లింకు వేరు. దాన్ని ప్రొవైడర్ పెద్ద కంపెనీల దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవాలి.

ఆ లింకు మీద బరువు తగ్గించేదే క్యాష్. డబ్బు కాదండోయ్, దాచిపెట్టుకోవడం. కిరాణా కొట్టాయన ఒక్కో పాల ప్యాకెట్ కోసం డెయిరీకి పరిగెత్తడు కదా, పొద్దున్నే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాడు. నెట్‌ఫ్లిక్స్ ‘ఓపెన్ కనెక్ట్’ పెట్టెలు చేసేదీ అదే. జనం ఏం చూస్తారో అంచనా వేసి, రద్దీ లేని వేళ ఆ వీడియోలను ముందే నింపుకుంటాయి. తగినంత ట్రాఫిక్ ఉన్న ప్రొవైడర్లకు ఈ పెట్టెలు ఉచితం. చోటు, కరెంటు మాత్రం వాళ్లవే.

ఒకప్పుడు ప్రొవైడర్లు ‘స్క్విడ్’ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా క్యాష్ పెట్టుకునేవాళ్లు. హెచ్‌టీటీపీఎస్ వచ్చాక వచ్చేదంతా సీల్ వేసిన కవరే. లోపలేముందో మధ్యవాళ్లకు కనిపించదు. మన భద్రతకు అది మంచిదే. కానీ ట్రాఫిక్ చాలని చిన్న ఊరి ఆపరేటర్‌కు ఇటు సొంత క్యాష్ పనికిరాదు, అటు కంపెనీ పెట్టె రాదు. నాకైతే ఇది కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది.

పెట్టె వచ్చినా లెక్క తప్పితే కష్టమే. పదివేల కనెక్షన్లున్న ప్రొవైడర్‌ను తీసుకోండి. రద్దీ వేళ సగటున ఇంటికి 2 ఎంబీపీఎస్ అనుకుంటే మొత్తం 20 జీబీపీఎస్. అందులో 80 శాతం క్యాష్ నుంచే వస్తే బయటి లింకు మీద పడేది 4. క్యాష్ వాటా 60కి పడిపోతే? లింకు మీద బరువు 8, అంటే డబుల్! పెట్టె పూర్తిగా ఆగిపోతే మొత్తం 20 అక్కడే పడుతుంది. అందుకే సగటు రోజును చూసి కాదు, ఒక పెట్టె పాడైన ఆదివారం రాత్రిని ఊహించుకుని ప్లాన్ చేయాలి.

ఇంకో పెట్టె కొంటే సరిపోదా అంటారా? అక్కడే అసలు తిరకాసు. వీడియో నంబర్‌ను పెట్టెల సంఖ్యతో భాగించి, శేషాన్ని బట్టి ఏ పెట్టెలో దాచాలో నిర్ణయించామనుకోండి. 4 పెట్టెలు 5 కాగానే దాదాపు 80 శాతం వీడియోల అడ్రస్ మారిపోతుంది. వెతికిన చోట వీడియో ఉండదు, అడిగినవన్నీ మళ్లీ బయటి నుంచే తేవాలి. సాయం కోసం తెచ్చిన పెట్టే లింకును ముంచేస్తుంది. దీనికి మందు ‘కన్సిస్టెంట్ హ్యాషింగ్’. 1997లో ఎంఐటీ పరిశోధకులు ప్రచురించారు. దీంతో చోటు మారేది సుమారు ఐదో వంతే. ఆ బృందంలోని టామ్ లైటన్, డేనియల్ లూయిన్‌లు 1998లో పెట్టిన కంపెనీయే అకమాయ్.

లైవ్ క్రికెట్ కథ వేరు. ముందే నింపుకోవడానికి ఇంకా జరగని బంతి ఎక్కడిది? 2023 ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు. ఇలాంటప్పుడు వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక ముక్కను మొదట అడిగినవాళ్ల కోసం క్యాష్ ఒక్కసారే బయటి నుంచి తెస్తుంది. ఆ క్షణంలో అదే ముక్క అడిగిన మిగతా వేలమందిని ఆపి, వచ్చిన కాపీనే అందరికీ పంచుతుంది. ఈ ‘కాస్త ఆగండి’ అనే ఏర్పాటు లేకపోతే పెట్టె ఉన్నా లేనట్టే.

ఈసారి చక్రం తిరిగితే రౌటర్ జోలికెళ్లే ముందు ఇంకో యాప్ తెరిచి చూడండి. యూట్యూబ్ హాయిగా ఆడుతూ వేరే యాప్ మాత్రమే ఆగుతోందంటే, బహుశా ఆ యాప్ వీడియోలు మీ ప్రొవైడర్ దగ్గర దొరకడం లేదన్నమాట. ఫోన్ చేసినప్పుడు ‘నెట్ స్లో’ అనకుండా ఏ యాప్, ఎన్ని గంటలకు అన్నది చెప్పండి. అవతల ఇంజినీర్‌కు కావాల్సింది ఆ రెండు ముక్కలే.