ఒండ్రు మీద పడుకునే చేప

మా అగ్రహారంలో చేపల బుట్ట దిగగానే వానాకాలమైతే పులస, మిగతా రోజుల్లో పండుగప్ప ఉందా అని అడుగుతారు. బుట్ట అడుగున పలచగా, గోధుమ రంగులో అంటుకుపోయి ఉండే నాలిక చేపల్ని ఎవరూ అడగరు. అవి మా అమ్మమ్మ కొంటుంది. వేళ్ళకి బూడిద రాసుకుని, తల దగ్గర తోలు పట్టి ఒక్క లాగు లాగితే మేజోడు విప్పినట్టు ఊడొస్తుంది. వేపుడుకి దీన్ని మించింది లేదని ఆవిడ వాదన.

ఈమధ్య పక్కింటి పిన్నిగారు "అది బురద తిని బతికే చేప, నదిలో కలిసే మురుగంతా దాని పొట్టలోనే ఉంటుంది, పిల్లలకి పెట్టకండి" అన్నారు. అమ్మ కొనడం మానేసింది. అమ్మమ్మకి కోపం వచ్చింది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చుకుందామని నేను చదవడం మొదలుపెట్టాను.

ముందు పేరు సంగతి. తెలుగు వాళ్ళం కదా, అక్కడే కాసేపు ఆగిపోయాను. శాస్త్రజ్ఞులు దీని జాతికి పెట్టిన పేరు సైనోగ్లాసస్. గ్రీకులో కుక్క నాలిక అని అర్థం. అంటే వాళ్ళకీ నాలికే కనిపించింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. చాలా చేపలకి మన జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో ఈ కుటుంబపు చేప ఒకటి 'జెర్రిపోతు'. దాన్ని చూసి 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే శాస్త్రీయ నామంలో 'పోటస్' అని పెట్టాడు. మన 'పోతు' లాటిన్ వేషం వేసుకుందన్నమాట! మనకి జెర్రిపోతంటే పాము. ఒళ్ళంతా అలలా మెలికలు తిప్పుతూ నేల మీద జారే ఈ చేపకి ఆ పేరు నాకేమీ వింతనిపించలేదు.

ఇది పుట్టినప్పుడు మామూలు చేపే. తలకి రెండు పక్కలా రెండు కళ్ళు, నిటారుగా ఈత. కొన్నాళ్ళకి కుడి కన్ను మెల్లగా జరిగి ఎడమ పక్కకి చేరుతుంది. చేప ఒక పక్కకి ఒరిగి, కన్నులేని వైపు నేలకి ఆనించి, ఇక జీవితమంతా అలాగే గడిపేస్తుంది. పైన ఇసక, బురద కప్పుకుని కళ్ళు మాత్రం బయట పెడుతుంది. అయితే ఇది బురద తినదు. బురదలో ఉండే పురుగుల్నీ, చిన్న రొయ్యల్లాంటి జీవాల్నీ తింటుంది. వాటితో పాటు కొంత బురద లోపలికి పోతుంది. పిన్నిగారి మాటలో నిజం అంతవరకే.

ఇంక బురద సంగతి. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయేది మన యానాం దగ్గరే. వరద రోజుల్లో ఇక్కడ నీళ్ళు దాదాపు తియ్యగా ఉంటాయి. ఎండాకాలం ధవళేశ్వరం నుంచి నీళ్ళు రావడం తగ్గి, పోటుతో ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఉప్పు తగలగానే నీటిలో తేలే సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు, కొన్ని పురుగుమందులు, కాలిన నూనె మిగుళ్ళు ఆ రేణువులకే పట్టుకుని ఉంటాయి. ఊళ్ళ మురుగు, వరిచేల డ్రెయిన్లు, రొయ్యల చెరువులు వదిలే నీళ్ళు, పడవల డీజిలు, దేని నుంచి వచ్చినా చేరేది ఆ ఒండ్రులోకే. పైన నీళ్ళు తీసి పరీక్ష చేయిస్తే బాగానే ఉన్నాయని రావచ్చు. కింద పడుకున్న చేప కథ వేరు. దాని తోలు, మొప్పలు, తిండి మూడూ ఆ బురదతోనే.

దీని గురించి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. సియాటిల్‌కి ఎదురుగా ఈగిల్ హార్బర్ అనే చిన్న రేవు. అక్కడ కలపకి చెద పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించే కర్మాగారం ఉండేది. 1980లలో అక్కడి బురదలో బతికే ఇంగ్లిష్ సోల్ అనే చేపల్ని కోసి చూస్తే కాలేయంలో గడ్డలు కనిపించాయి. సోల్ కూడా నాలిక చేపలాగే పక్కకి పడుకునే రకం. 1993, 94లలో ఆ బురద మీద శుభ్రమైన ఇసక, మట్టి కప్పారు. తర్వాతి సంవత్సరాల్లో చేపల కాలేయ జబ్బు బాగా తగ్గిపోయింది. నీళ్ళు అవే, బురద మారిందంతే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ తారు నూనెలోని విషాల్ని చేప కండలో దాచుకోదు. కాలేయం వాటిని విరగ్గొట్టి పైత్యరసంలోకి పంపేస్తుంది. విరగ్గొట్టే ఆ పనిలోనే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి కండ మాత్రం పరీక్షకి పంపితే ఏమీ దొరక్కపోవచ్చు, చేప మాత్రం జబ్బుతో ఉంటుంది. సీసం, కాడ్మియం కూడా కండలో కన్నా కాలేయం, మూత్రపిండాల్లోనే ఎక్కువ చేరతాయి. పాదరసం మాత్రం కండలోకి పోతుంది. అది ఇతర చేపల్ని తిని, ఎక్కువ ఏళ్ళు బతికే సొర, కోనం లాంటి పెద్దవాటిలో ఎక్కువ. పురుగులు తినే చిన్న నాలిక చేపలో మామూలుగా తక్కువే.

అంటే పొట్ట, లోపలి భాగాలు పూర్తిగా తీసేసి వండే అమ్మమ్మ పద్ధతిలో కాస్త రక్షణ ఉంది. బుట్టలో చవకది కాబట్టి చెడ్డదనుకోవడం తప్పు. కానీ నది అడుగున ఏముందో తెలుసుకోవాలంటే అడగాల్సింది కూడా ఈ చేపనే. పులస సముద్రం నుంచి వస్తుంది, గుడ్లు పెట్టి పోతుంది. ఇది ఉన్నచోటే ఉంటుంది. యానాం రేవు బురదనీ, ఈ చేప కాలేయాన్నీ ఏటా వరద ముందూ, వరద తర్వాతా పరీక్షిస్తే మన వీధిలో ఈ గొడవకి జవాబు దొరుకుతుంది. మన జువాలజీ వాళ్ళు సూక్ష్మదర్శినితో మొదలుపెట్టగలరని నా ఆశ.

ఇదంతా అమ్మకి చెప్పాను. మళ్ళీ కొంటోంది, నెలకి రెండుసార్లు. అమ్మమ్మ చేప కోసేటప్పుడు కాలేయం చూపించమని పక్కన కూర్చుంటున్నాను. "అరచేతిలో పట్టే చేపలో కాలేయం ఏం చూస్తావే, నీ చదువు తగలెయ్య" అంటుంది. అంటూనే గోటితో తీసి పక్కన పెడుతుంది.