ఏసీ నీటి గొట్టం పూడుకుపోతే చేయదగినది

ఏసీ నడుస్తుండగా గోడ వెంట నీరు కారితే యంత్రం చెడిపోయిందని చాలామంది భావిస్తారు. తరచుగా లోపం యంత్రంలో ఉండదు; నీటిని బయటికి చేర్చే సన్నని గొట్టం పూడుకుపోయి ఉంటుంది. దీనిని ఇంటివారే సరిచేసుకోవచ్చు. అయితే ఆ నీరు చివరకు ఎక్కడికి చేరుతున్నదో గమనించడం కూడా అంతే అవసరం.

నీరు ఎలా వస్తుంది?

గదిలోని గాలి ఏసీ లోపలి చల్లని కాయిల్‌ను తాకినప్పుడు అందులోని తేమ నీటి బిందువులుగా మారుతుంది. ఆ బిందువులు కింది ట్రేలోకి జారి, గొట్టం ద్వారా బయటికి పోతాయి. సాధారణ స్ప్లిట్ ఏసీలో ఈ నీటిని తోసే మోటారు ఉండదు. గొట్టపు వాలే దానికి ఆధారం. ట్రేలో దుమ్ము పేరుకొని, పాచి పట్టి, జిగట పొరగా మారినప్పుడు ప్రవాహం ఆగుతుంది.

బెంగళూరులో మార్చి, ఏప్రిల్ నెలలలో గాలి పొడిగా ఉండి, ఏసీ నుండి నీరు తక్కువగా వస్తుంది. బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డు వాహనాల వల్ల, నిర్మాణ పనుల వల్ల రేగే దుమ్ము ఆ కాలంలో ట్రేలోనే నిలిచిపోతుంది. వానలు మొదలై తేమ పెరగగానే నీరు అధికమై, ఆ మురికిని గొట్టంలోకి తోస్తుంది. ఎండలలో చక్కగా పనిచేసిన ఏసీ తొలి వానల తరువాత కారడానికి ఇది ఒక కారణం.

శుభ్రపరచే విధానం

1. రిమోట్‌తో ఆపితే చాలదు; ఏసీకి వెళ్ళే ఎమ్‌సీబీని కూడా ఆపివేయాలి.

2. గొట్టం బయటి కొనను పరిశీలించాలి. అది మెలిపడినా, మధ్యలో పైకి లేచినా, బకెట్‌లోని నీటిలో మునిగి ఉన్నా సరిచేయాలి. కొనలో కందిరీగల మట్టిగూడు ఉంటే తొలగించాలి.

3. నీటిని కూడా పీల్చగల వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే, దానిని బయటి కొనకు గుడ్డతో బిగించి ఒకటి రెండు నిమిషాలు నడపాలి. మురికిని లోపలికి తోయడం కంటే బయటికి లాగడం మేలు.

4. ముందు మూత ఎత్తి, ఫిల్టర్లను తీసి కడగాలి. తరువాత గోరువెచ్చని నీటిని కాయిల్ కింది భాగంపై కొద్దికొద్దిగా పోయాలి. పక్కనున్న విద్యుత్ భాగాలపై నీరు పడరాదు.

5. పోసిన నీరు బయటి కొన నుండి ధారగా వస్తే పని పూర్తయినట్టే. ఫిల్టర్లు ఆరిన తరువాతనే ఏసీని నడపాలి.

ఇనుప తీగతో పొడిస్తే గొట్టం చిల్లుపడవచ్చు. మరుగుదొడ్లకు వాడే యాసిడ్, బ్లీచింగ్ ద్రావణం కాయిల్ లోహాన్ని తినివేస్తాయి, వాటిని వాడరాదు. కాయిల్‌పై మంచు గడ్డకట్టినా, ప్లగ్గుపై నీరు పడుతున్నా, శుభ్రపరచిన తరువాత కూడా కారుతున్నా ఏసీని ఆపి మెకానిక్‌ను పిలిపించాలి.

బయటికి వచ్చిన నీరు

ఇళ్ళు ఆనుకొని ఉన్న వీధులలో ఒక ఇంటి గొట్టం కొన పక్కింటి గోడపైనో, నడిచే దారిపైనో ఉండడం కద్దు. గోడ చెమ్మగిల్లుతుంది, దారి పాచిపట్టి జారుతుంది. గొట్టాన్ని సొంత ఆవరణలోని మొక్కల పాదులోకో, బకెట్‌లోకో మళ్ళించడం ఉచితం.

బకెట్‌లో నీరు నిలిచిపోరాదు. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇటువంటి నిలువ నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి జీవించగలవు. కనుక నీటిని ఏ రోజుకారోజు పారబోసి, వారానికొకసారి బకెట్‌ను లోపల గట్టిగా తోమాలి. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరిగేలా నీరు నిలువ ఉంచే నగర గృహాలకు 400 రూపాయల జరిమానా నిర్ణయించింది.

ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు. నేల తుడవడానికి, మరుగుదొడ్డిలో పోయడానికి, పూల మొక్కలకు నిరభ్యంతరంగా వాడవచ్చు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన నగరానికి బకెట్ నీరైనా విలువైనదే.

ఏసీ వాడే నెలలలో రెండు వారాలకొకసారి ఫిల్టర్లను కడిగి, వానలకు ముందు ఒకసారి గొట్టంలో నీరు పోసి చూసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తలెత్తదు.