పాత బండి నేర్పే చదువు

మోటారు సైకిళ్ల మీద మోజున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే రెండే ప్రశ్నలు. "ఇప్పుడేం నడుపుతున్నారు?" అన్నది మొదటిది. "ఇదివరకేం ఉండేది?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాటలో వచ్చేస్తుంది. రెండోదానికి మాత్రం టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉంటారు. ఎందుకని? పాతవన్నీ బంగారమా? కాదు. దానికి వేరే కారణం ఉందని నా నమ్మకం.

మేం ఏడెనిమిది మందిమి నెలకో ఆదివారం కలుసుకుని, ఒకరి బండి ఒకరం నడిపి చూస్తుంటాం. నా దగ్గర నాన్నగారి యెజ్డి ఒకటి, నేను కొనుక్కున్న కొత్త బండి ఒకటి ఉన్నాయి. ఆ రెంటి మధ్యా తిరగ్గా తెలిసివచ్చింది నాలుగు ముక్కల్లో చెబుతాను.

ముందు కాస్త చరిత్ర. ఇంగ్లండులో పుట్టిన బుల్లెట్టును మనదేశంలో తయారుచెయ్యడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. చెకొస్లొవేకియా జావా 1961 నుంచి మైసూరులో తయారైంది. 1973లో దాని పేరు యెజ్డిగా మారింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ 1996తోనే ఆగిపోయింది. తర్వాత జావా పేరు 2018లో, యెజ్డి పేరు 2022లో కొత్త బళ్ల మీద మళ్లీ కనిపించాయి. పేరు పాతదే గాని లోపలి యంత్రం వేరు.

పాత బుల్లెట్టు స్టార్టు చెయ్యడం కండబలం పని అనుకుంటారు చాలామంది. కాదండీ, అదొక మెకానిక్సు పాఠం. 346 సి.సి.ల పెద్ద సిలిండరు ఒక్కటే ఉంటుంది. పిస్టను పైకెళ్లి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నొక్కే చోట కిక్కు రాయిలా బిగుసుకుపోతుంది. అక్కడే బలంగా తంతే ఇంజను తిరగదు సరికదా, ఎదురు తన్నినా తన్నుతుంది. అంచేత తాళం తిప్పి, ముందు అమ్మీటరు ముల్లు చూడాలి. కిక్కు మెల్లగా నొక్కుతుంటే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనసు వైపు పోతుంది, తెరుచుకున్నప్పుడు మధ్యకొస్తుంది. ఆ బిగువు తగిలి ముల్లు మధ్యకొచ్చిన చోట డీకంప్రెసరు మీట పట్టి పిస్టన్ని కాస్త అవతలికి దాటించాలి. మీట వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్క తన్ను. మళ్లీ బిగువు వచ్చేలోగా ఇంజనుకి రెండు చుట్ల దారి దొరుకుతుంది. ఫ్లైవీలు ఊపందుకుని దాన్ని దాటేస్తుంది.

ఇక ఆ పాయింట్లంటారా, మన ఫిజిక్సు క్లాసులో విన్న ఇండక్షనే! మూసుకుని ఉండగా కాయిల్లో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తెరుచుకోగానే ఆ క్షేత్రం కూలి, వేల వోల్టులు పుట్టి, ప్లగ్గులో నిప్పురవ్వ ఎగురుతుంది. పాయింట్ల మధ్య ఖాళీ ఉండాల్సింది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మా ముసలి మేస్త్రీ పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం ముక్క పెట్టి ఇంజన్ని మెల్లగా తిప్పుతాడు. కాగితం పట్టువదిలి జారిన చోటే నిప్పు పుట్టే చోటు. ఆయన బడికి వెళ్లలేదు గాని పాఠం మాత్రం తప్పలేదు.

బుల్లెట్టుది ఫోర్ స్ట్రోకు, రెండు చుట్లకొకసారి పేలుతుంది. పాత యెజ్డి, ఆర్‌ఎక్స్ 100లవి టూ స్ట్రోకు, ప్రతి చుట్టుకీ పేలుతాయి. 98 సి.సి.ల బండి 11 గుర్రాల శక్తి చూపించడంలో రహస్యం అదే. కాని ఆయిలు పెట్రోలుతోపాటే కాలుతుంది. మిశ్రమంలో కొంత కాలకుండానే సైలెన్సరు దారి పడుతుంది. ఆ వాసన మాకు ముద్దేగాని, వెనకొచ్చేవాడి ఊపిరితిత్తులకు కాదు. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఈ జాతి తప్పుకోవడం న్యాయమే.

కొత్త బండిని తక్కువ చెయ్యను. బటను నొక్కితే స్టార్టవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన బి.ఎస్. 6 నిబంధనలతో పొగ బాగా తగ్గింది. 125 సి.సి. దాటిన బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. తడిరోడ్డు మీద ఎవరి ప్రాణమైనా కాపాడేది అదే. పాత డ్రమ్ము బ్రేకుల మీద అంత భరోసా పెట్టుకోకూడదు. పైగా పాత బుల్లెట్టులో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త బండి అలవాటున్నవాడు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతాడు. అందుకే మాలో ఒక నియమం ఉంది: బండి మార్చుకున్నవాళ్లు ముందు ఖాళీ మైదానంలో పది చుట్లు తిరిగాకే రోడ్డెక్కాలి.

కాని కొత్త బండి ఆగిపోతే? ఎన్ని మిల్లీసెకండ్లు పెట్రోలు చిమ్మాలో లెక్కకట్టేది లోపలున్న కంప్యూటరు. తప్పేమిటో చెప్పేదీ అదే, అదీ స్కానరు తగిలిస్తేనే. పాత బండి అలా దాచుకోదు. ప్లగ్గు విప్పితే నల్లగా ఉందా, తెల్లగా ఉందా అన్నదే దాని జాతకం. తప్పు కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, చేతికి అందుతుంది. రెండో ప్రశ్నకి జవాబు అంత పొడుగవడానికి కారణం ఇదే. వాళ్లు చెప్పేది బండి కథ కాదు, తాము నేర్చుకున్న చదువు కథ.

యాభై ఏళ్లు దాటిన బళ్లకి "వి.ఎ." అక్షరాలతో ప్రత్యేక నంబరిచ్చే వింటేజి నిబంధనలు 2021లో వచ్చాయి. రోజువారీ తిరగడానికి వీల్లేదు గాని, బండికి గౌరవం దక్కింది. మరి ఆ బండిని బతికించే చేతుల సంగతేమిటి? మా మేస్త్రీ కొడుకులెవరూ ఆ పనిలోకి రాలేదు. ఆయన తెలివి ఏ పుస్తకంలోనూ లేదు.

విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. పాత బళ్లు కొనమనడం లేదు. మీ ఊళ్లో అలాంటి మేస్త్రీ ఉంటే, సెలవుల్లో నాలుగు రోజులు ఆయన షెడ్డులో కూర్చోండి. ఏ చప్పుడుకి ఏ జబ్బు, ఏ పనికి ఏ కొలత అన్నది నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కు మన లైబ్రరీకి చేరితే, లేబరేటరీలో లేని పాఠం ఒకటి అక్కడ మిగులుతుంది.