కన్సల్టెన్సీ నుంచి ఫోనొస్తే

మాదాపూర్‌లో ఓ కన్సల్టెన్సీ మాది. జావా, డాట్‌నెట్, రియాక్ట్ వచ్చినవాళ్లను వెతికి కంపెనీలకు చూపించడం నా పని. ఫోన్ ఎత్తిన వాళ్లలో చాలామంది మొదట అడిగేది, ‘మేడమ్, మీకెంత ఇవ్వాలి?’ అనే. పైసా ఇవ్వక్కర్లేదు. మాకు కంపెనీ ఇస్తుంది. మీ ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత, మా వ్యాపారంలో బాగా వాడుకలో ఉన్న రేటు. మీరు చేరిన కొద్ది నెలలకే మానేస్తే సాధారణంగా ఇంకొకరిని ఊరికే వెతికిపెట్టాలి. రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ డిపాజిట్ అనీ ఎవరైనా డబ్బులడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి.

మాకు అన్నం పెట్టేది కంపెనీ. దానికేమో మనిషి తొందరగా కావాలి. అందుకే పేరడిగిన వెంటనే నోటీస్ పీరియడ్ అడుగుతాం. తొంభై రోజులంటే మా గొంతులో ఉత్సాహం తగ్గుతుంది, ఏమనుకోకండి. మీరు కూడా మొహమాటపడకుండా బడ్జెట్ ఎంతో అడగండి. అన్ని రౌండ్లూ దాటాక జీతం దగ్గర బేరం చెడితే ఇద్దరికీ దండగే.

నాకు కోడ్ రాయడం రాదు. అయినా మాట వింటే కొంత తెలిసిపోతుంది. ఆమధ్య విజయవాడ కుర్రాడొకడి రెజ్యూమేలో కాఫ్కా అని ఉంది. ‘అందులో నువ్వేం చేశావు బాబూ?’ అన్నాను. కాసేపు నసిగి, ‘అది పక్క టీమ్ వాడేది మేడమ్’ అన్నాడు. ‘మరి నువ్వు?’ అంటే గొంతు మారిపోయింది. రిపోర్టు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంటే క్వెరీ ఎక్కడ ఆగుతోందో పట్టుకుని, ఇండెక్స్ పెట్టి ఎలా దారికి తెచ్చాడో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. కాఫ్కా తీసేయించి, ఆ క్వెరీ సంగతి పైన రాయించి పంపాను. ప్యానెల్ సగం సేపు దాని మీదే అడిగింది. ఆఫరొచ్చింది.

ఇంకో చిక్కుంది. ఒకే కంపెనీకి రెండు కన్సల్టెన్సీల నుంచి మీ ప్రొఫైల్ వెళ్తే మామూలుగా ముందు పంపినవాళ్లదే లెక్క. కొన్ని కంపెనీలైతే కన్సల్టెన్సీల మధ్య గొడవెందుకని మిమ్మల్నే పక్కన పెట్టేస్తాయి. కంపెనీ పేరు చెప్పనిదే ‘సరే, పంపండి’ అనకండి. పేరు చెప్పాక ఆ మాట మెయిల్‌లోనే అనండి.

ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా రాజీనామా వద్దు. వచ్చాక సీటీసీ అంకె చూసి మురిసిపోకండి. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ అన్నీ అందులోనే కలిపేస్తారు. ఫిక్స్‌డ్ ఎంతో విడిగా అడగండి. పాత ఉద్యోగమేదైనా దాచారా? పీఎఫ్ కట్టిన ప్రతి కంపెనీ పేరూ మీ పన్నెండంకెల యూఏఎన్ కింద కనిపిస్తుంది, వెరిఫికేషన్‌లో బయటపడుతుంది.

రిజెక్టయితే మాలో చాలామంది ఫోన్ చేయరు. అది మా వాళ్ల దుర్గుణమే. రెండ్రోజులు చూసి మీరే చేయండి. ఏ ప్రశ్న దగ్గర తేడా వచ్చిందో ప్యానెల్ ఒక్కోసారి మాకు రాసి పంపుతుంది. అడిగితే చదివి వినిపిస్తాను.