కొబ్బరి చక్కెర : హిందూపురం బెల్లానికి పోటీ కాగలదా?

(మా వాణిజ్య విలేఖరి)

తలుపుల : వేరుశనగను నమ్ముకొని వాన కోసం ఎదురుచూచే ఈ మెట్ట ప్రాంతంలో, బోరు నీరున్న తోటలలో కొబ్బరిచెట్లు కూడా కనిపిస్తవి. కాయ అమ్ముకోవడమే ఇక్కడ తెలిసిన బేరం. పట్నం దుకాణాలలో కొబ్బరి చక్కెర ప్యాకెట్లు మామూలు చక్కెరకు ఎన్నో రెట్ల ధర పలుకుతున్నవి. కనుక చెట్టు గీస్తే ఏం మిగులుతుందో లెక్క వేయవలసి వున్నది.

ఈ చక్కెర కాయలోంచి వచ్చేది కాదు. ఇంకా విచ్చుకోని పూగెల కొనను కోసి, కారిన నీరాను పొయ్యి మీద కాచి పలుకు కట్టిస్తారు. తాటిబెల్లం చూచినవారికి ఇది కొత్త కాదు. చిక్కల్లా నీరాతోనే. కొద్ది గంటలు ఆలస్యమైతే పులిసి కల్లవుతుంది. ముంతకు సున్నం పూయడం పాత పద్ధతి. మంచుపెట్టెలో పట్టే పద్ధతిని కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ రూపొందించింది.

ఇక లెక్క. నీటి వసతి వున్న చెట్టు రోజుకు సుమారు రెండు లీటర్ల నీరా ఇస్తుందనుకొందాం. కిలో చక్కెరకు ఆరేడు లీటర్లు కావాలి. అంటే పది చెట్లకు రోజుకు మూడు కిలోలు. చెరకు 10.25 శాతం రికవరీతో టన్నుకు నూట రెండున్నర కిలోల చక్కెర ఇస్తుంది. అంత చక్కెర రావాలంటే ఆ పది చెట్లను నెలకు పైగా, పూటపూటా ఎక్కి గీయాలి. 2025-26 సీజనుకు కేంద్రం నిర్ణయించిన ధర ప్రకారం ఆ టన్ను చెరకు విలువ 3,550 రూపాయలు. ఆ సొమ్ము చెట్టెక్కేవాని నెల కూలికే చాలదు. వంటచెరకు ఖర్చు వేరు. గీసిన గెలకు కాయ వుండదు. 2025లో కాయ ధర ఎంత పెరిగిందో రైతులకు తెలుసు.

కనుక హిందూపురం బెల్లం వర్తకులు కంగారుపడనక్కరలేదు. బస్తాలలో కదిలే సరుకుకూ ప్యాకెట్లలో కదిలే సరుకుకూ పోటీ లేదు.

మధుమేహులకు మంచిదన్న ప్రచారమే ఈ ధరకు ఊతం. రక్తంలో చక్కెరను పెంచే వేగానికి గ్లైసీమిక్ సూచి కొలత. ఫిలిప్పీన్స్ పరీక్షలో కొబ్బరి చక్కెరకు ఇది 35 అని తేలగా, సిడ్నీ విశ్వవిద్యాలయం లెక్కలో 54 వచ్చింది; చెరకు చక్కెరకు దాదాపు 65. కొబ్బరి చక్కెరలోనూ ముప్పాతిక వంతు వరకు సుక్రోజే. డాక్టరు వద్దన్నవారికి ఇదీ వద్దన్నట్లే.

కేరళ 2014లో నీరాకు అనుమతులిచ్చినప్పుడు రైతు కంపెనీలు ఉత్సాహంగా దిగినవి. చాలా వరకు నిలదొక్కుకోలేకపోయినవి. ఎగుమతి బజారులో ఇండొనేషియా సరుకుదే పైచేయి.

మన రాష్ట్రంలో చెట్టు గీయడం ఎక్సైజు చట్టం పరిధిలోనిది. ముంత కట్టదలచిన రైతు కొనుగోలుదారును కుదుర్చుకొనే ముందే కదిరి వెళ్లి ఎక్సైజు అధికారులను విచారించడం అవసరం.