తెలుపు తెలియని ముల్లు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో చలికాలం తీసిన ఫొటోలు ఓ పది వరుసగా చూడండి. బ్రైడల్‌వీల్ జలపాతం ఉంటుంది, పైన్, ఫర్ చెట్లుంటాయి, కొమ్మల నిండా మంచుంటుంది. కానీ ఎక్కువ ఫొటోల్లో ఆ మంచు తెల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. బే ఏరియా నుంచి డిసెంబరు సెలవుల్లో కారేసుకుని వెళ్లొచ్చిన మన తెలుగువాళ్ల ఆల్బమ్‌లలోనూ ఇదే వరస. కెమెరా పాడవలేదు, లెన్స్ మీద మరకా లేదు. లోపల వెలుతురును కొలిచే లైట్ మీటర్ తన పని తాను సక్రమంగా చేసింది. చేసినందుకే ఈ బూడిద.

మీటర్‌కు తెలిసేదొక్కటే: తన మీద ఎంత వెలుతురు పడుతోందన్నది. ఎదురుగా ఉన్నది మంచో బొగ్గో దానికి అక్కర్లేదు. అందుకని తయారుచేసినవాళ్లు దానికి ఒక అంచనా నూరిపోశారు. ఏ దృశ్యంలోనైనా నలుపూ తెలుపూ కలిపి సగటు చూస్తే, మీద పడిన కాంతిలో సుమారు 18 శాతం వెనక్కి వస్తుందని. మన కంటికి నలుపుకీ తెలుపుకీ నట్టనడుమ కనిపించే బూడిద రంగు అదే. వీధికి, తోటకి, మనుషుల గుంపుకి ఈ అంచనా చక్కగా సరిపోతుంది. కొత్తగా కురిసిన మంచు మాత్రం 80, 90 శాతం కాంతిని తిప్పికొడుతుంది. ఫ్రేమ్ నిండా మంచే ఉంటే, వెలుతురు మరీ ఎక్కువైందనుకుని మీటర్ ఎక్స్‌పోజర్‌ను దాదాపు ఐదో వంతుకు దించేస్తుంది. ఫొటోగ్రాఫర్ల లెక్కలో (వెలుతురు సగమైన ప్రతిసారీ ఒక స్టాపు) రెండు స్టాపుల పైమాటే. మంచు ఎరగని మనకూ ఈ తంటా కొత్తదేం కాదు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెళ్లికొడుకును ఆటో మోడ్‌లో దగ్గరగా తీస్తే బట్టలు మాసిపోయి, మొహం నల్లబడి వస్తుంది. గేదెను ఫ్రేమ్ నిండా పెడితే వెలిసిపోయి వస్తుంది.

విచిత్రమేమిటంటే, దీనికి తాత వరసయ్యే పాత మీటర్ ఈ పొరపాటు చేసేది కాదు.

అసలు మొదట్లో మీటరే లేదు. 1861లో కార్లెటన్ వాట్కిన్స్ కంచరగాడిదల మీద సామానెత్తించుకుని యోసెమిటీకి వెళ్లారు. ఆయన వాడిన గాజు పలకలు 18 అంగుళాలు, 22 అంగుళాలవి. పలక మీద తడి మందు ఆరకముందే ఫొటో తీయాలి, కడగాలి. ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది ఆకాశం వంక చూసి, అనుభవంతో చెప్పుకోవడమే. ఆ మందుకు కాంతి అంత తొందరగా అంటదు కాబట్టి జలపాతంలో నీటి కదలికంతా కలిసిపోయి నున్నటి తెలుపు మాత్రమే మిగిలేది. ఇవాళ డబ్బు పోసి, వెలుతురును తగ్గించే ఎన్‌డి ఫిల్టర్లు కొనుక్కుని మరీ తెచ్చుకునే ఆ నునుపు ఆయనకు ఉచితంగా, తప్పించుకునే దారి లేకుండా దొరికింది.

తర్వాత ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్‌లో ఇంకో వాట్కిన్స్ వచ్చారు, ఆల్‌ఫ్రెడ్. మొదటాయనతో ఏ చుట్టరికమూ లేదు. 1890లో ఈయన ఒక మీటర్‌కు పేటెంటు తీసుకున్నారు. కొన్నేళ్లకు దాన్ని జేబు గడియారమంత చేసి ‘బీ మీటర్’ అని అమ్మారు. అందులో కరెంటూ లేదు, ముల్లూ లేదు. చిన్న కిటికీ వెనక కాంతి తగిలితే నల్లబడే కాగితం ముక్క, పక్కనే ఒక ముదురు రంగు మచ్చ. కాగితాన్ని వెలుతురులో పెట్టి సెకన్లు లెక్కపెట్టాలి. కాగితం ఆ మచ్చ రంగుకు ఎన్ని సెకన్లలో వచ్చిందో చూసుకుని డయల్ తిప్పితే ఎక్స్‌పోజర్ తెలిసిపోయేది. 1910లో బయల్దేరిన స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రలో ఫొటోలు తీసిన హెర్బర్ట్ పాంటింగ్ దీన్నే వాడారు. చుట్టూ మంచు తప్ప మరేమీ లేని చోట!

అక్కడ అది ఎందుకు తడబడలేదంటే, బీ మీటర్ కొలిచేది దృశ్యం నుంచి తిరిగొచ్చే కాంతిని కాదు, దృశ్యం మీద పడుతున్న కాంతిని. మంచు మీద పడినా చెట్టు బెరడు మీద పడినా ఎండ ఎండే. పడే కాంతికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ ఇస్తే తెలుపు తెల్లగా, నలుపు నల్లగా వాటంతటవే వస్తాయి. ఇంత తెలివైన పద్ధతి పక్కకు పోవడానికి కారణం బద్ధకమే అంటాను నేను. వెలుతురు మందగిస్తే కాగితం ముందు ఎంతసేపు నిలబడతాం?

ఆ ఓపిక లేనివాళ్లకు సెలీనియం దొరికింది. 1873లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల పరీక్షలో ఉన్న విల్లోబీ స్మిత్, వెలుతురు తగిలితే సెలీనియం గుండా కరెంటు సులువుగా పోతుందని గమనించారు. 1876లో విలియం గ్రిల్స్ ఆడమ్స్, ఆయన శిష్యుడు రిచర్డ్ డే ఇంకో అడుగు వేసి, కాంతి పడితే చాలు, అది సొంతంగా కరెంటు పుట్టిస్తుందని చూపించారు. అంటే బ్యాటరీ అక్కర్లేదు. సెలీనియం పలక మీద వెలుతురు పడుతుంది, సన్నటి తీగచుట్టలోకి కాస్త కరెంటు పోతుంది, ముల్లు కదులుతుంది. 1932లో అమెరికాలోని వెస్టన్ కంపెనీ ఈ సూత్రంతోనే మీటర్లు అమ్మకానికి పెట్టింది. కంపెనీ పెట్టిన ఎడ్వర్డ్ వెస్టన్ వోల్ట్‌మీటర్లకు పేరుపడ్డ ఇంజనీరు. అదే ఏడాది కాలిఫోర్నియాలో ‘ఎఫ్/64’ అనే ఫొటోగ్రాఫర్ల బృందం మొదలైంది. అందులోనూ ఒక ఎడ్వర్డ్ వెస్టన్ ఉన్నారు, ఒక ఆడమ్స్ కూడా ఉన్నారు. ఇద్దరు వాట్కిన్స్‌లు, ఇద్దరు వెస్టన్లు, ఇద్దరు ఆడమ్స్‌లు, పేర్లకు కరువొచ్చినట్టుంది.

ఆ రెండో ఆడమ్స్, అన్సెల్, మన కథకు అసలు మనిషి. యోసెమిటీయే ఆయన ప్రపంచం. మంచు తుపాను తెరిపిచ్చే వేళ లోయనీ, కుడివైపు బ్రైడల్‌వీల్‌నీ, మంచు పట్టిన అడవినీ కలిపి ఆయన తీసిన ‘క్లియరింగ్ వింటర్ స్టార్మ్’ ఇప్పటికీ ఈ తరహా ఫొటోలన్నిటికీ పెద్ద దిక్కు. ముల్లు చూపిన అంకెను ఆయన ఆజ్ఞగా తీసుకోలేదు. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి కట్టిన జోన్ సిస్టమ్‌లో కటిక నలుపు నుంచి తెల్ల కాగితం దాకా సున్నా నుంచి పది వరకు పదకొండు మెట్లు ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎక్స్‌పోజర్ రెట్టింపవుతుంది. మీటర్‌కు దేన్ని చూపిస్తే అది దాన్ని ఐదో మెట్టు మీద కూర్చోబెడుతుంది. మంచును చూపిస్తే మంచునూ అక్కడే కూర్చోబెడుతుంది. కాబట్టి, ‘ఇది మంచు, దీని చోటు ఏడో ఎనిమిదో’ అని మనిషి చెప్పాలి, ఆ మేరకు రెండు మూడు స్టాపులు పెంచాలి. వెస్టన్ డయల్ మీద చాలామంది ఆ మెట్ల రంగుల పట్టీ అతికించుకుని తిరిగేవారు.

మీటర్‌ను అంతగా అర్థం చేసుకున్నవారికి, అది లేకపోయినా గడుస్తుంది. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర పొద్దుగూకే వేళ చంద్రుడు, మంచు కొండలు, సమాధుల మీద చివరి ఎండ ఒక్కసారిగా కనిపించాయి. ఆడమ్స్ కెమెరా బిగించారు గానీ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని గుర్తుకొచ్చింది. దాన్ని ఏడో మెట్టు మీద పెట్టి, నోటి లెక్క కట్టి, ఎఫ్/32 దగ్గర ఒక్క సెకను తెరిచారు. ఇంకో నెగెటివ్ తీసేలోగా ఎండ పోయింది.

తర్వాత మీటర్ చేతిలోంచి కెమెరా లోపలికి వెళ్లిపోయింది. 1963లో టాప్‌కాన్ కెమెరా, లెన్స్ గుండా వచ్చిన వెలుతురునే కొలిచింది. 1983లో నైకాన్ ఎఫ్ఏ ఫ్రేమ్‌ను ఐదు ముక్కలుగా చూసి పోల్చడం మొదలుపెట్టింది. 1996లో వచ్చిన ఎఫ్5 రంగును కూడా చూసే 1,005 పిక్సెళ్ల సెన్సర్‌తో, ముందే నేర్చిన వేల దృశ్యాల జాబితాలో ఎదుటిది దేనికి దగ్గరగా ఉందో వెతికింది. ప్రతి తరం మోసపోవడం తగ్గించింది, మానిపించలేదు.

జలపాతం దగ్గర ఇది కళ్లారా చూడొచ్చు. ట్రైపాడ్ మీద కెమెరా ఆటోలో ఉంది. ఫ్రేమ్‌లో సగం నల్లటి ఫర్ చెట్లు పెట్టి తీయండి: మీటర్ చీకటనుకుని తెరుస్తుంది, నీరు తెల్లగా కాలిపోతుంది. అదే కెమెరాను రెండు జానలు పక్కకు తిప్పి మంచు ఒడ్డును చేర్చండి: మీటర్ మూస్తుంది, నీరు, మంచు బూడిదవుతాయి. వెలుతురు రవ్వంత కూడా మారలేదు. అందుకే ఫ్రేమ్ కుదిరాక ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో బిగించేసి, ఆ తర్వాత ఆటో జోలికి పోకూడదు.

రంగు సంగతి వేరే గొడవ. బ్రైడల్‌వీల్ లోయకు దక్షిణపు గోడ మీద ఉంది, ఉత్తరం వైపు చూస్తుంది. చలికాలం ఎక్కువసేపు నీడే. నీడలో మంచు మీద పడేది నీలాకాశపు కాంతి కాబట్టి ఫొటోలో నీలంగా వస్తుంది. ఎడిటింగ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను 7,000 కెల్విన్ దాటిస్తే ఆ నీలం విరుగుతుంది. పూర్తిగా తీసేసేవాళ్లే ఎక్కువ, నాకది నచ్చదు. చలి కనిపించేది ఆ నీలంలోనే. ఎండ తగిలిన కొమ్మ తెల్లబడితే చాలు, నీడను దాని మానాన వదిలేయాలి.

1990లో వచ్చిన ఫొటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అనే పనిముట్లున్నాయి. అవి చీకటి గదిలో తీగకు గుచ్చిన అట్టముక్కతో, చేతి నీడతో కాగితం మీద ఒక చోటును లేత చేయడానికి, ఇంకో చోటును ముదురు చేయడానికి ఆడమ్స్ తరం చేసిన పనులే. కాకపోతే నెగెటివ్‌లో దట్టమైన తెలుపులోంచి కూడా కాస్త వివరం పిండుకునేవారు. డిజిటల్ సెన్సర్‌లో పిక్సెల్ నిండిపోయాక ఇక ఏ స్లయిడర్ లాగినా అక్కడ ఏమీ రాదు. చెట్ల నలుపును రా ఫైల్‌లోంచి చాలావరకు పైకి లాగొచ్చు, కాలిపోయిన నీటిని మాత్రం లాగలేం. కాబట్టి కొలవాల్సింది నీటినే. చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌ను అన్నిటికంటే తెల్లగా ఉన్న ధార మీద పెట్టి, అది చెప్పినదానికి రెండు స్టాపులు కలిపి, అర సెకను దగ్గరలో షట్టర్ ఉండేలా అపర్చర్, ఫిల్టర్ సర్దుకుని ఒక ఫొటో తీయాలి. తర్వాత కెమెరా తెర మీద, కాలిపోయిన చోట్లను మిణుకుమనిపించే హైలైట్ హెచ్చరిక చూడాలి. నురగలో అక్కడక్కడా రెండు చుక్కలు మిణుకుమంటే ఫరవాలేదు. ధార మొత్తం మిణుకుమంటోందంటే మూడో వంతు స్టాపు తగ్గించి మళ్లీ తీయాలి.