విప్పి కట్టుకునే ఇల్లు: యర్ట్ పుట్టుపూర్వోత్తరాలు

మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో మందలను మేపుకుంటూ బతికే సంచార జాతులు కొయ్యతో, తాళ్లతో, గొర్రెబొచ్చుతో నిర్మించుకునే గుండ్రని ఇంటికి ప్రపంచమంతటా యర్ట్ అనే పేరు స్థిరపడింది. మంగోలులు దీనిని గెర్ అనీ, కిర్గిజ్ ప్రజలు బోజ్ ఊయ్ అనీ, కజఖ్ ప్రజలు కీయిజ్ ఊయ్ అనీ వ్యవహరిస్తారు. నిరాడంబర జీవనాన్ని కోరుకునే పాశ్చాత్యులు గత అరవై ఏళ్లుగా దీనిని చిన్న ఇంటికి ఒక ఆదర్శంగా భావిస్తూ వస్తున్నారు. అయితే నిర్మాణశాస్త్ర దృష్టితో చూస్తే ఈ ఇంటిలోని ప్రతి భాగం ఆకారాన్నీ, బరువునూ, ముడినీ నిర్ణయించినది ఒకే ఒక షరతు: ఏడాదిలో కొన్నిసార్లు ఇంటిని విప్పి, పశువుల వీపున వేసుకుపోయి, మరో చోట మళ్లీ నిలబెట్టగలగాలి. ఆ షరతు ఎలాంటి యంత్రాన్ని సృష్టించిందో, అది తొలగిపోయిన చోట అదే యంత్రం ఎందుకు తడబడిందో యర్ట్ చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

మంగోలియాలో శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 40 డిగ్రీల వరకు పడిపోతుంది, వసంతంలో ఈదురుగాలులు రోజుల తరబడి వీస్తాయి, మైదానంలో చెట్లు అరుదు. మొద్దులతో ఇల్లు కట్టడానికి అక్కడ కలప చాలదు, మట్టితో కడితే మంద కొత్త మేత కోసం కదిలిన రోజున దానిని వదిలేసి పోవలసి వస్తుంది. గొర్రెబొచ్చుకు మాత్రం ఏటా కొరత ఉండదు కాబట్టి, కలపను వీలైనంత తక్కువగా, ఉన్నిని వీలైనంత ఎక్కువగా వాడే పద్ధతి ఆ నేలమీద సహజంగానే ఎదిగింది.

ఈ పద్ధతి ఎంత పాతదో కచ్చితంగా తేల్చడానికి కొయ్య, ఉన్ని వంటి నశించే పదార్థాలు ఎక్కువ ఆనవాళ్లను మిగల్చవు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్, కర్రలపై ఉన్ని పరచి సిథియన్లు వేసుకునే ఆవిరిస్నానపు గుడారాలను వర్ణించాడు. ఆల్తాయ్ పర్వతాల్లోని పజిరిక్ సమాధుల్లో రెండు వేల ఏళ్లకు పైగా గడ్డకట్టిన మంచు కాపాడిన ఉన్నిదుప్పట్లు, గోడతెరలు ఆ కాలానికే ఈ పదార్థపు పనితనం ఎంత పరిణతి చెందిందో తెలుపుతున్నాయి. నేడు కనిపించే మడత గోడ మాత్రం ఆ తరువాత, క్రీ.శ. మొదటి సహస్రాబ్దిలో, తురుష్క జాతుల మధ్య రూపుదిద్దుకున్నదని పరిశోధకుల అభిప్రాయం.

ఈ ఆవిష్కరణకు గుండెకాయ ఆ గోడే. మంగోలులు ఖన అని పిలిచే ఈ గోడలో సన్నని విల్లో కర్రలు రెండు వరుసలుగా ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతూ ఉంటాయి, అవి కలిసే చోట రంధ్రం చేసి పచ్చితోలు పట్టీతో ముడివేస్తారు. దుకాణాల ముందు పక్కకు లాగి మూసే కొలాప్సిబుల్ గేటు ఏ సూత్రంతో పనిచేస్తుందో ఇదీ అదే సూత్రంతో పనిచేస్తుంది: ముడులన్నీ కీళ్లు కాబట్టి, ఒక్క కోణం మారితే మొత్తం తడిక ఒకేసారి సాగుతుంది లేదా ముడుచుకుంటుంది. ముడిచినప్పుడు ఒక పలక ఒంటె వీపున పట్టేంత సన్నని కట్టగా మారుతుంది, సాచినప్పుడు కొన్ని మీటర్ల గోడ అవుతుంది. ఎక్కువగా సాచితే గోడ పొట్టిదై ఇల్లు వెడల్పవుతుంది, తక్కువగా సాచితే పొడుగై ఇరుకవుతుంది. కాబట్టి గాలి ఎక్కువగా ఉన్న చోట అదే సామగ్రితో ఇంటిని కాస్త నేలబారుగా నిలబెట్టుకునే వీలుంది.

ఇలాంటి పలకలను వలయంగా నిలిపి, వాటి కొసలను తలుపు చట్రానికి కట్టిన తరువాత, పైన వాసాలు చేరుతాయి. వాసం కింది కొసను తడిక పైఅంచున ఉన్న కొమ్ముకు తగిలించి, పైకొసను తోనో అనే కొయ్య కిరీటంలోని రంధ్రంలోకి దూర్చుతారు. ఈ కిరీటం వాసాలన్నీ వచ్చి ఆనే వలయం మాత్రమే కాదు, పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ ఇంటికున్న కిటికీ కూడా అదే. మంగోలు గెర్‌లో వాసాలు తిన్నగా, కిరీటం బరువుగా ఉంటాయి కాబట్టి దానిని బగన అనే రెండు రాటలు మోస్తాయి. కిర్గిజ్, కజఖ్ ఇళ్లలో వాసాల కింది భాగాన్ని ఆవిరితో వంచుతారు, కిరీటం తేలిక, పైకప్పు ఎత్తైన గుమ్మటంలా ఉంటుంది, రాటల అవసరం ఉండదు. 1992లో కిర్గిజ్‌స్తాన్ స్వీకరించిన జాతీయ పతాకం నడుమ సూర్యబింబంలో కనిపించే అడ్డగీతల వలయం ఈ కిరీటమే.

ఇప్పటివరకు చెప్పిన చట్రానికి తనంతట తానుగా నిలబడే శక్తి లేదు. పైకప్పు బరువు వాసాల గుండా దిగుతూ కిరీటాన్ని నలువైపుల నుంచీ లోపలికి నొక్కుతుంది. దీనిని సంపీడన బలం అంటారు. అదే సమయంలో చూరు దగ్గర అది గోడను బయటికి నెడుతుంది, కీళ్ల గోడకు ఆ నెట్టుడును ఆపే గట్టిదనం లేదు. ఆ పనిని గోడ పైభాగాన్ని చుట్టి బిగించిన ఒక పట్టీ చేస్తుంది. గుర్రపు వెంట్రుకలతో, ఉన్నితో పేనిన ఆ పట్టీ సాగదీసే బలాన్ని, అంటే తన్యత బలాన్ని, భరిస్తూ ఇంటినంతటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం పగుళ్లు చూపినప్పుడు 18వ శతాబ్దపు ఇంజనీర్లు దాని చుట్టూ బిగించిన ఇనుప వలయాలు చేసినదీ ఇదే పని.

ఆ పట్టీపై పడే భారం ఊహించినంత పెద్దది కాదు. మధ్యలో రాటలు లేకుండా, 30 డిగ్రీల వాలుతో, మొత్తం 200 కిలోల బరువున్న పైకప్పును తీసుకుని, ఆ బరువు ప్రతి వాసం పొడవునా సమంగా పరుచుకున్నదని అనుకుంటే, వాసాలన్నీ కలిసి గోడను బయటికి నెట్టే బలం సుమారు 173 కిలోల బరువుకు సమానం. అది వలయమంతటా పంచుకుపోవడం వల్ల పట్టీలో ఏ ఒక్క చోటనైనా ఉండే తన్యత సుమారు 28 కిలోలే. మంచు పేరుకుని పైకప్పు బరువు ఐదింతలైనా ఆ సంఖ్య 140 కిలోలకు మించదు. లావుపాటి దూలాలు, లోతైన పునాదులు లేకుండా సన్నని కర్రలతో ఒక కుటుంబాన్ని చలికాలమంతా కాపాడగలగడంలోని రహస్యం, బలాన్ని ఒక చోట కూడనీయకుండా పంచివేసే ఈ ఏర్పాటులోనే ఉంది.

గాలిని ఎదుర్కోవడంలోనూ గుండ్రదనం పనికొస్తుంది. చదునైన గోడను ఢీకొన్న గాలి దానిపై నేరుగా ఒత్తిడి పెడుతుంది, గుండ్రని గోడ పక్కల నుంచి జారిపోతుంది. తుపానులకు అలవాటుపడిన ఉత్తర కోస్తాంధ్రలో చుట్టిళ్లు గుండ్రంగా ఉండటానికీ ఇది ఒక కారణం. గాలి మరీ ఉధృతమైనప్పుడు మంగోలులు కిరీటం నుంచి వేలాడే తాటిని కిందికి లాగి బరువైన రాయికో, సంచికో కట్టి ఇల్లు పైకి లేవకుండా నిలుపుతారు. ఇక 6 మీటర్ల వ్యాసంగల యర్ట్ చుట్టుకొలత దాదాపు 18.8 మీటర్లు, నేల వైశాల్యం 28 చదరపు మీటర్లు. అంతే పొడవు గోడతో చతురస్రపు గది కడితే 22 చదరపు మీటర్లే దక్కుతుంది. తక్కువ గోడ అంటే తక్కువ కలప, తక్కువ ఉన్ని, వేడి బయటికి పోవడానికి తక్కువ దారి.

ఆ వేడిని నిలిపేది ఫెల్ట్, అంటే నూలు వడకకుండా, మగ్గం ఎక్కించకుండా ఉన్నిపోగులను నేరుగా ఒకదానిలో ఒకటి పెనవేసి చేసే మందపాటి వస్త్రం. కశ్మీరులో నమ్దా పేరుతో తయారయ్యే పరుపులు ఈ కోవలోనివే. ఉన్నిపోగు ఉపరితలంపై సూక్ష్మమైన పొలుసులుంటాయి. తడి, వేడి, ఒత్తిడి, కదలిక కలిసినప్పుడు అవి ఒకదానికొకటి చిక్కుకుని వెనక్కి రావు. మంగోలియాలో బొచ్చును కర్రలతో బాది విడదీసి, పాత ఫెల్ట్‌పై పొరలు పొరలుగా పరచి, నీళ్లు చిలకరించి, గుంజకు చుట్టి, తోలుతో బిగించి, గుర్రానికి కట్టి మైదానమంతా దొర్లిస్తారు. పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదలలేదు కాబట్టి వేడి సులభంగా దాటిపోదు. పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను తడిగా అనిపించకుండానే పీల్చుకుంటుంది. వేసవిలో ఒక పొర, శీతాకాలంలో రెండు మూడు పొరలు కప్పడం వాడుక. ఎండాకాలంలో కింది అంచును పైకి మడిస్తే చల్లగాలి అడుగు నుంచి ప్రవేశించి, వేడిగాలి కిరీటం గుండా వెళ్లిపోతుంది.

ఈ ఇంటి ఆకర్షణ సంచారులకే పరిమితం కాలేదు. 9వ శతాబ్దపు చైనా కవి బై జూయి లువోయాంగ్ నగరంలోని తన ఇంటి ఆవరణలో నీలిరంగు ఫెల్ట్ గుడారం వేయించుకుని, చలికాలం అందులో గడుపుతూ దానిపై కవితలు రాశాడు. 1253లో మంగోలు రాజ్యానికి బయలుదేరిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం ఆఫ్ రుబ్రుక్, విప్పకుండానే బండ్లపై తరలించే పెద్ద ఇళ్లను చూసి, ఒక బండి చక్రాల జాడల మధ్య దూరం 20 అడుగులనీ, ఒక ఇంటిని 22 ఎడ్లు లాగుతున్నాయనీ నమోదు చేశాడు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ కూడా 1639లో ఒక సంచార మఠంగానే మొదలై, ఇరవైకి పైగా సార్లు చోటు మార్చుకుని, 1778లో ప్రస్తుత స్థలంలో స్థిరపడింది.

అమెరికాలో యర్ట్ రెండో జీవితం 1962లో మొదలైంది. ఆ ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ మంగోలియాపై రాసిన వ్యాసాన్ని చదివిన ఉపాధ్యాయుడు విలియం కోపర్‌త్‌వెయిట్, ఫెల్ట్‌కు బదులు పలకలతో, బయటికి వాలిన గోడలతో యర్ట్‌లను నిర్మించి, చూరు దగ్గరి ఉన్నిపట్టీ స్థానంలో ఉక్కు తీగను వాడాడు. ఆయన ప్రభావంతో కాన్వాసు కప్పిన మడత యర్ట్‌లూ వచ్చాయి, 1970ల చివరికి వాటి వాణిజ్య తయారీ మొదలైంది. ఫెల్ట్ బదులు ప్లాస్టిక్ పూత గుడ్డ, కిరీటంపై పారదర్శక అక్రిలిక్ బుడగ, అడుగున చెక్కవేదిక చేరాయి. చక్రాలపై నడిచే బుల్లి ఇళ్ల ఉద్యమం విస్తరించిన తరువాత, 2018 నాటి అమెరికన్ నమూనా గృహ నిర్మాణ నిబంధనావళి అటకలు కాక 400 చదరపు అడుగుల లోపు ఉన్న ఇంటిని బుల్లి ఇల్లుగా నిర్వచించింది. అయితే చెక్కవేదికకు బిగించిన యర్ట్ చాలావరకు కదలదు. పునాది, మురుగునీరు, అగ్నిభద్రత గురించి అధికారులు అడిగే ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి.

కదలిక ఆగడం ఎంత తీవ్రంగా పరిణమించగలదో ఉలాన్‌బాతర్ శివార్లు చూపుతున్నాయి. జుడ్ అనే ఘోర శీతాకాలాలకు మందలను పోగొట్టుకున్న కుటుంబాలు నగరానికి చేరి, 2003 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం కింద రాజధానిలో లభించే 700 చదరపు మీటర్ల వరకు స్థలానికి చెక్కకంచె వేసుకుని, లోపల గెర్ నిలబెట్టుకున్నాయి. నగర జనాభాలో సగానికి పైగా ఇలాంటి పేటల్లో నివసిస్తోంది. మైదానంలో ఎండిన పేడ పిడకలు మండే పొయ్యిలో ఇక్కడ బొగ్గు మండింది, లోయలో నిలిచిపోయిన చల్లగాలి ఆ పొగను కదలనివ్వలేదు. 2019 మే నెలలో ప్రభుత్వం నగరంలో ముడిబొగ్గును నిషేధించి శుద్ధిచేసిన బొగ్గు ఇటుకలను ప్రవేశపెట్టింది. నీరు కియోస్కుల నుంచి మోసుకోవాలి, మరుగుదొడ్డి పెరట్లో తవ్విన గొయ్యి. మైదానంలో మకాం మారినప్పుడల్లా నేల కోలుకునేది, ఇక్కడ అదే నేలలోకి ఏళ్ల తరబడి మలినం ఇంకుతుంది.

సంచారం సాగుతున్న చోట మాత్రం ఈ ఇల్లు కొత్త సాంకేతికతను సునాయాసంగా ఇముడ్చుకుంది. 2000లో మొదలైన జాతీయ పథకం కింద పన్నెండేళ్లలో లక్షకు పైగా పశుపోషక కుటుంబాలకు చిన్న సౌరఫలకాలు అందాయి. మకాం మారేటప్పుడు అవీ తడికలతోపాటే మూట చేరతాయి. గెర్ నిర్మాణ నైపుణ్యాన్ని 2013లో, కిర్గిజ్, కజఖ్ యర్ట్‌ల నైపుణ్యాన్ని 2014లో యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కాబట్టి యర్ట్ నిరాడంబరత దాని కర్రలలోనో, వైశాల్యంలోనో మాత్రమే లేదు. ఉన్ని ఇచ్చే మంద, ఇంధనమిచ్చే పేడ, కోలుకోవడానికి వ్యవధి దొరికే నేల అనే మూడింటితో కలిసినప్పుడే అది పూర్తి యంత్రం. ఇంతకాలం వలస ఉచితంగా చేసిపెట్టిన పనులను స్థిరపడిన యర్ట్‌కు నీటిపైపులు, మురుగుకాలువలు, విద్యుత్ తీగలు, నేలకింది ఉష్ణనిరోధక పొరలు చేయవలసి ఉంటుంది. కాన్వాసు ఇంటిని ఎంచుకునే కుటుంబమైనా, శివారు పేటను సంస్కరించే నగరపాలక సంస్థ అయినా ఆ ఖర్చును కూడా కలిపి లెక్కవేసినప్పుడే ఆ ఇల్లు నిజంగా ఎంత చవకో, ఎంత తేలికో తేలుతుంది.